ఆవగింజంత

ఆ వైద్యుడి గురించే కదా అడుగుతున్నారు,
ముందు నా చేతులు చూడండి.
గోళ్ల కింద ముప్పై ఏళ్ల సీసం మసి.
అక్షరాల్ని తలకిందులుగా, అద్దంలో బొమ్మల్లా
చదివీ చదివీ
మనుషుల్నీ అలాగే చదవడం అలవాటైంది నాకు.

నోర్డ్‌లింగెన్‌లో, తోళ్లు నానబెట్టే వీధి చివర
మొగుడు పోతూ పోతూ వదిలిన అచ్చుమర,
రెండు అప్పులు, ఊయల్లో పిల్ల.
ఒక మంచు రాత్రి తలుపు కొట్టాడు డేగన్‌హార్ట్.
టోపీ తడిసి ముద్దయింది,
చొక్కాలోపలి కాగితాలు మాత్రం పొడిగానే ఉన్నాయి.
"లాటిన్ వద్దు, అఫ్రా.
జ్వరమొచ్చినవాడు ఏ భాషలో మూలుగుతాడో
ఆ భాషలో అచ్చు వెయ్యి."

నోటిదురుసు మనిషి.
ఆచార్యుల చేతులు మరీ శుభ్రంగా ఉన్నాయన్నందుకు
చదువుల కొలువు నుంచి గెంటేశారు.
పాపానికి ధర కట్టే బల్లను
పంటి నొప్పితో పోల్చినందుకు బిషప్పు తరిమాడు.
కొత్త ప్రబోధకుడు వచ్చాక
ఊరంతా గంటలు మోగుతుంటే
"పెట్టె అదే, తాళమే కొత్తది" అన్నాడు,
ఇక ఆ గుమ్మమూ మూసుకుంది.

రైతులు కొడవళ్లెత్తిన వసంతంలో
ఒక కొట్టంలో, గడ్డి మీద,
మూడు రాత్రులు గాయాలు కుట్టాడు.
నాలుగో రోజు దొరగారి సిపాయి భుజంలోంచి
ఈటె ముక్క కూడా అతనే లాగాడు.
వాళ్లిచ్చింది ఒక బుట్టెడు ముల్లంగి.
వీడిచ్చింది ఒక తన్ను.
ముల్లంగిలో సగం మా ఇంటికి తెచ్చాడు,
కుంటుకుంటూ.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు.
తర్వాతది నేనే చెప్పాలి.

అతని పుస్తకం, పద్నాలుగో ఆకు, నిద్రపట్టనివాళ్లకి మందు:
బఠాణీ గింజంత తేనెమైనం,
ఆవగింజంత నల్లమందు.
ఆ రాత్రి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది,
కొవ్వొత్తి కొసకొచ్చింది,
నా కన్ను ఒక వరస పైకి జారింది.
బఠాణీ, మళ్లీ బఠాణీ.
మూడు వందల ప్రతులు.

తోళ్ల ఊర్‌జెల్ వాళ్ల అమ్మ నిద్రపోయింది.
లేవలేదు.

నగరసభ ఎదురుచూస్తున్నది సరిగ్గా దీనికే.
అచ్చు వేసిందెవరని అడిగారు.
పోపుల్నీ ప్రొఫెసర్లనీ కేకలేసి కడిగేసిన గొంతు
ఆ రోజు నాకే సరిగా వినబడలేదు:
"తప్పు నాది. చూసి దిద్దాల్సినవాణ్ని నేను."
నేను గుంపులోనే ఉన్నాను,
పిల్లనెత్తుకుని.
నోరు విప్పలేదు.

ఊరు విడవడానికి వారం గడువిచ్చారు.
ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాడు,
చేతిలో ఈక కలం, నడుముకి సిరాబుడ్డి.
తలుపు తీసినవాళ్లకి నమస్కారం,
తియ్యనివాళ్లకి కిటికీ.
బఠాణీ కొట్టేసి ఆవ అని రాశాడు,
రెండువందల ఎనభై ఒక్కసార్లు.
మిగతా పంతొమ్మిదీ సంతలో అమ్ముడుపోయాయి,
ఏ దారిన పోయాయో.
వాటి వెనకే పోయాడు.

ఉల్మ్ దగ్గర మంచులో పడిపోయాడని ఒకరు.
ఎక్కడో కొండఊళ్లో పిల్లలకి
అక్షరాలు దిద్దిస్తున్నాడని ఇంకొకరు.
రెండూ నమ్మాను, రోజు విడిచి రోజు.

పోయిన శరదృతువులో సూదుల వర్తకుడు
మూటలోంచి తీశాడు, అంచులు ఎలకలు కొరికిన ప్రతి.
పద్నాలుగో ఆకులో కొట్టివేత ఉంది.
పక్కన అతని గిలుకురాత,
ఇంకో మాట, మరే ప్రతిలోనూ లేనిది:
"రాసినవాడి మాట కూడా నమ్మకు.
కొంచెంతో మొదలుపెట్టి చూసుకో."

ఆ రాత్రి సీసం అక్షరాలన్నీ కడిగాను.
ఎందుకో తెలీదు, కడిగాను.

ఇంకా పద్దెనిమిది.
మీరు పై ఊళ్లు తిరిగేవాళ్లు కదా,
ఎవరింట్లోనైనా అటక మీద,
చీజు చుట్టిన కాగితాల్లో,
మా ముద్ర ఉన్న పుస్తకం కనబడితే
పద్నాలుగో ఆకు తిప్పండి.
కలం లేకపోతే గోటితో గీకండి.
చేసింది అఫ్ర అని చెప్పండి.